ముప్పై అయిదు పాయింట్ నాలుగు

హంజా చేతిలోని టీ గ్లాసు ఇంకా వేడిగానే ఉంది. హంజా మాత్రం చల్లబడుతున్నాడు.

సూయజ్ రేవు పక్కన కాఫీ దుకాణం. శనివారం ఉదయం తొమ్మిది. పక్క బల్ల మీద డామినోలు ఆడేవాళ్ళు ఆట ముగిసేదాకా తలెత్తి చూడలేదు. టీలో ఎవరో ఏదో కలిపారు. కలిపిన చేతిని ఎవరూ గమనించలేదు. "నా టీ తాగి చచ్చినవాడు ఇంతవరకూ లేడు" అని దుకాణంవాడు మూడుసార్లు ఒట్టు పెట్టాడు. నాలుగోసారి, పోలీసులు పట్టుకెళ్తున్న గ్లాసు తిరిగి ఇస్తారా అని అడిగాడు.

హంజా గ్యాస్ యార్డులో ఇన్‌స్పెక్టరుగా చేరి నెల కాలేదు. నిజానికి అతను కైరోలోని గూఢచారి శాఖ ఏడో విభాగం మనిషి. అతని బూటులో మడిచిపెట్టిన సిగరెట్ పెట్టె అట్ట దొరికింది. దాని మీద పెన్సిలుతో ఒకే ఒక అంకె.

35.4

* * *

మంగళవారం మధ్యాహ్నం జనరల్ లబీబ్ ఆ అట్టముక్కని మేజర్ వగ్దీ ముందుకు విసిరాడు.

"సైఫర్ సెక్షన్ మూడు రోజులుగా కుస్తీ పడుతోంది. అది రేడియో ఫ్రీక్వెన్సీ కావచ్చట. విన్నాం. ఎవడో వాతావరణం చదువుతున్నాడు. మ్యాపు మీద అక్షాంశం కావచ్చట. క్రీట్ దీవిలో ఓ మేకల దొడ్డి మీద పడింది. మనిషిని పంపాం."

"ఏం దొరికింది సర్?"

"మేకలు." జనరల్ సిగార్ కొరికాడు. "శవం టెంపరేచర్ అయ్యుండొచ్చన్నాడు ఒకడు. చచ్చినవాడు తన టెంపరేచర్ తనే రాసుకుని బూటులో దాచుకున్నాడట! వాణ్ణి సెలవు మీద పంపాను."

విషయం చిన్నదేమీ కాదు. కోబాల్ట్ అనే విదేశీ ముఠా సూయజ్ గ్యాస్ యార్డు మీద కన్నేసిందని విభాగానికి తెలుసు. యార్డులో గ్యాస్ నిలవచేసే ఇనుప గోళాల్లో నాలుగో నంబరుదానికి మరమ్మతు పూర్తయింది. రేపు, బుధవారం ఉదయం తొమ్మిదింటికి దాంట్లోకి గ్యాస్ ఎక్కిస్తారు. పదకొండింటికల్లా పూర్తి ప్రెషర్. యార్డు గోడకి అటుపక్క మూడు వందల క్వార్టర్లు, ఒక బడి.

"ఎక్కించడం ఆపించొచ్చు కదా సర్?"

"ఏమని చెప్పి ఆపించను? బూటులో అంకె దొరికిందనా? మంత్రిత్వశాఖ వాళ్ళు ఆధారం అడుగుతున్నారు. హంజా నీ శిష్యుడే కదా. గురువుగారు వెళ్ళి శిష్యుడు రాసిందేమిటో చదవండి. చదవలేకపోతే ఎర్ర సముద్రంలో మనకో లైట్‌హౌస్ ఉంది. దానికి కాపలాదారు కావాలి."

వగ్దీకి హంజా రాత బాగా తెలుసు. ఏడును ఒకటిలా రాస్తాడని ట్రైనింగులో వాణ్ణి రెండుసార్లు తిట్టాడు కూడా. ఆ మూడు అంకెలు మాత్రం గుండ్రంగా, పొందికగా, స్కూలు పిల్లాడు రాసినట్టున్నాయి. భయపడినవాడి రాత కాదది. వగ్దీ ఆ అట్టని జేబులో పెట్టుకున్నాడు.

కింద అంతస్తులో పరికరాల గమాల్ ఒక పెట్టె తెరిచి చూపించాడు. ఇనుము మందం కొలిచే అల్ట్రాసోనిక్ మీటర్. అరచేతిలో పట్టేంత డబ్బా, దానికో తీగ, తీగ చివర గుండీ అంత ప్రోబ్.

"చూడ్డానికి మీటరే. ప్రోబ్‌ని ఒంటికి ఆనించి ఈ బొత్తం నొక్కితే సూది దిగుతుంది. నాలుగు గంటల నిద్ర. మందుగుండు లేదు కాబట్టి గ్యాస్ యార్డులో నిప్పురవ్వ భయం లేదు."

"తెర మీద ఈ 25.0 ఏమిటి?"

"గోళం రేకు మందం ఇరవై అయిదు మిల్లీమీటర్లు. ఎక్కడ పెట్టినా అదే చూపిస్తుంది." గమాల్ మొహం వెలిగిపోతోంది. "ఎప్పటికీ తప్పు చెప్పదు సార్!"

* * *

బుధవారం ఉదయం ఏడింటికి గేటు దగ్గర అందరి లైటర్లూ అగ్గిపెట్టెలూ లాగేసుకున్నారు. ఆ తర్వాత ఇన్‌స్పెక్టరు వేషంలో ఉన్న వగ్దీని ఎవరూ పట్టించుకోలేదు, ఒక్క మదామ్ షహీరా తప్ప.

తెల్ల హెల్మెట్ కింద ఉంగరాల జుట్టు, నల్ల కళ్ళద్దాలు, ఆ ఇసుకలో కూడా మడత నలగని లేత పసుపు సూటు. యార్డుకి ఆమె పెయింటింగ్ కన్సల్టెంటు. విభాగానికి రహస్య ఏజెంటు. కోడ్ పేరు బుల్‌బుల్. ఆమె నడిచొస్తుంటే వెల్డర్లు తమ పని మానేసి ఆమె పని చూస్తున్నారు.

"సముద్రం ఇవాళ ఉప్పగా ఉందా?" అంది షహీరా.

"నిమ్మకాయ పిండితే సరిపోతుంది," అన్నాడు వగ్దీ. ఈ కోడ్ మాటలు రాసేవాడు ఆకలి మీదుంటాడని అతనికి ఎప్పటినుంచో అనుమానం.

"పాపం హంజా. మంచి కుర్రాడు." ఆమె గొంతులో పాపం తప్ప అన్నీ ఉన్నాయి. "ఆ అంకె సంగతి జనరల్ చెప్పారు. ఇక్కడేమీ దొరకదు మేజర్. అది పడవ నంబరు. చేపల రేవులో మూడు వందల యాభై నాలుగు. మధ్యలో చుక్క మిమ్మల్ని తికమక పెట్టడానికి." ఆమె వేలితో అతని మెడలో వేలాడుతున్న మీటర్‌ని తట్టింది. "గమాల్ బొమ్మా? సూదా, బుల్లెట్టా?"

"సూది."

"ముద్దుగా ఉంది."

చేపల రేవులో వగ్దీకి రెండు గంటలు పట్టింది. 354 పడవ దొరికింది. దాని యజమాని కూడా దొరికాడు. తన పడవని అనుమానించినవాణ్ణి ఏ భాషలో ఎలా తిట్టాలో ఆయనకి క్షుణ్ణంగా తెలుసు. పడవలో చేపలున్నాయి. అంతే.

తొమ్మిదీ నలభైకి వగ్దీ చేపల కంపుతో యార్డుకి తిరిగొచ్చాడు. నాలుగో గోళంలోకి గ్యాస్ ఎక్కుతోంది. పైపుల్లోంచి సన్నటి ఈల. గోళం కింద నీడలో, బోర్లించిన బకెట్ మీద కూచుని ఒక ముసలాయన రొట్టె తింటున్నాడు. ఎర్రగా ఎండిన మొహం, చెవి మీద సుద్దముక్క.

ఇన్‌స్పెక్టర్ బయూమీ. ఇరవై ఆరేళ్ళుగా ఈ యార్డులో ఇనుము మందం కొలుస్తున్నాడు.

వగ్దీ వేషానికి తగ్గట్టు గోళం కాలు దగ్గరకి వెళ్ళి, గంభీరంగా ప్రోబ్ ఆనించాడు. 25.0. పక్కన ఇంకోచోట ఆనించాడు. 25.0. తల పంకించి పుస్తకంలో రాసుకున్నాడు.

"ఇదిగో ఇంజనీరు గారూ," అన్నాడు బయూమీ నోట్లో రొట్టెతోనే. "ఆ మిషను ఇలా పట్రా."

అందుకుని తన టీ గ్లాసుకి ఆనించాడు. 25.0. రొట్టెకి ఆనించాడు. 25.0. వగ్దీ ముంజేతికి ఆనించబోయాడు.

"బాబాయ్, ఆ బొత్తం నొక్కకు!"

"నొక్కితే ఏమవుద్ది?"

"నొక్కకు, అంతే."

బయూమీ అతన్ని కిందనుంచి పైదాకా చూశాడు. "రంగు గీకలేదు. జెల్ పెట్టలేదు. పొడి ప్రోబ్ ఇనుముకి తగిలిస్తే మధ్యలో గాలి ఉంటది. శబ్దం గాలి దాటి ఇనుములోకి పోదు. తెర మీద గీతలు తప్ప ఏమీ రావు. ఇది మా రెండో పిల్లకి కూడా తెలుసు, దానికి లెక్కలే రావు. ఎవర్రా నువ్వు? కైరోవాడివా?"

"కైరోనే."

"అనుకున్నా. హంజా కూడా మొదటి రోజు ఇట్టాగే వెలగబెట్టాడు. కానీ వాడు నేర్చుకున్నాడు." ముసలాయన మీటర్‌ని తిరిగి వగ్దీ మెడలో వేశాడు. "నేను నేర్పినందుకే చచ్చాడు. పో ఇక్కణ్ణుంచి."

"నేనూ వాడికి నేర్పినవాణ్ణే బాబాయ్. నీకంటే ముందు." వగ్దీ జేబులోంచి అట్టముక్క తీశాడు. "ఇది వాడి బూటులో దొరికింది."

బయూమీ దాన్ని చూశాడు. రొట్టె కింద పెట్టాడు.

"ఇది ఎన్ని రోజుల్నించీ మీ దగ్గరుంది?"

"నాలుగు రోజులు. కోడ్ విప్పడానికి..."

"కోడా? ఇదేం కోడురా, గాడిదల్లారా! ఇది రీడింగు! ముప్పై అయిదు పాయింట్ నాలుగు మిల్లీమీటర్లు!"

"రేకు ఇరవై అయిదే కదా?"

"అదే నేను చెప్పేది! పందొమ్మిదేళ్ళ రేకు. తుప్పు పట్టి సన్నబడాలి. ఆడదానిలా పెళ్ళయ్యాక లావెక్కడానికి ఇదేమైనా..." భార్య గుర్తొచ్చిందేమో, గోడ అవతలి క్వార్టర్లకేసి చూసి ఆ మాట మింగాడు. "ఇనుము లావెక్కదు నాయనా. మిషను శబ్దం పంపుద్ది, అది అవతలి అంచుకి కొట్టుకుని తిరిగొస్తది. ఎంతసేపట్లో వచ్చిందో దాన్నిబట్టి మందం చెప్పుద్ది. ఇనుములో శబ్దం ఎడారి రోడ్డు మీద టాక్సీలా పోతది. అదే లప్పంలో అయితే శుక్రవారం సంతలో గాడిద బండి. సగానికి కాస్త పైన వేగం, అంతే. మిషనుకి ఆ సంగతి తెలీదు, ఇనుమే అనుకుంటది. ఆలస్యమయ్యేసరికి లప్పం ఉన్నంత మేర మందం ఒకటిన్నర రెట్ల పైన చూపిస్తది."

సుద్దముక్కతో నేల మీద భాగహారం చేశాడు. పదిహేను.

"రేకుని పైనుంచి పదిహేను మిల్లీమీటర్లు గీకేసి, ఆ గుంటలో లప్పం కూరి, పైన రంగేశారు. లోపల మిగిలిన ఇనుము పది. పూర్తి ప్రెషరుకి ఆగదు."

ఇద్దరూ పైకి చూశారు. పైపుల ఈల కొంచెం లావైంది.

"గత వారం ఈ గోళానికి రంగు ఎవరు వేయించారు బాబాయ్?"

"ఇంకెవరు. ఆ పసుపు పిల్ల. 'చిన్న చిన్న టచప్‌లు అంకుల్' అంది. నన్ను అంకుల్ అంది!"

చేపల కంపు వగ్దీకి అప్పుడు బాగా తెలిసొచ్చింది.

* * *

స్తంభానికున్న ఫోను ఎత్తి బయూమీ కంట్రోల్ రూమ్‌ని పిలిచాడు. అవతలి గొంతు అరుపు వగ్దీకి కూడా వినిపించింది.

"ఏ పాయింటు? నంబరు చెప్పు! పాయింటు నంబరు, రీడింగు, సంతకం లేకుండా ఎక్కించడం ఆపితే మొన్నటిలా మేనేజరు నన్ను వేపుకు తింటాడు. ఉత్త మాటల మీద ఆపను బయూమీ!"

అవతలివాడు ఠక్కున పెట్టేశాడు.

"వాడి తప్పు కాదు," అన్నాడు బయూమీ పళ్ళు నూరుతూ. "ఆ రూలు పెట్టించింది నేనే. చోటు కనుక్కోవాలి."

గోళం మీద వెయ్యి చదరపు మీటర్ల రేకు. అంతా తడమాలంటే మూడు రోజులు. టైము పది దాటింది. హంజా సుద్దతో గీసిన గుర్తులన్నీ ఎవరో థిన్నర్‌తో శుభ్రంగా తుడిచేశారు.

"బాబాయ్, హంజా జెల్ వాడాడా?"

"ఎక్కడి జెల్? స్టోరుకి జెల్ వచ్చి నాలుగు నెలలైంది. మేం నల్ల తేనె వాడతాం." సంచిలోంచి ఒక డబ్బా తీశాడు. చెరకు పాకం, పొద్దున రొట్టెలోకి నువ్వుల ముద్దతో కలుపుకునేది. "చిక్కగా ఉంటది, జారదు, గాలి చొరబడదు. మా ఆవిడకి తెలిస్తే చంపుద్ది. ఇంట్లో రెండు సీసాలు మాయమైనయ్."

చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. వగ్దీ కూడా అదే ఆలోచించాడు. ఇల్లు ఊడ్చే ఏ ఆడమనిషైనా ఇద్దరికంటే ముందే ఆలోచించేది.

"చీమలు!"

థిన్నర్‌తో తుడిస్తే సుద్ద పోతుంది, మరక పోతుంది. పాకం తుడిచిన చోటు చీమకి తెలియకుండా పోదు. పడమటి వైపు ఇంకా ఎండ తగల్లేదు. మూడో కాలు వెంబడి సన్నటి నల్లదారం పైకి పాకుతోంది. మెట్లెక్కి దాని వెంటే వెళ్ళారు. దారం వెల్డింగు అతుకు దాటింది, రెండు మూరలు పక్కకి తిరిగింది, ఖాళీ తెల్లరంగు మీద ఒకచోట నలుపు ముద్దలా ఆగింది. పైకి చూస్తే అక్కడ ఏమీ లేదు. అద్దంలా ఉంది పెయింటు.

బయూమీ మొదట జేబులోంచి మెట్లుమెట్లుగా కోసిన ఇనుప బిళ్ళ తీసి, తన మీటర్‌ని దాని మీద సరిచూసుకున్నాడు.

"టైము లేదు బాబాయ్!"

"తప్పు రీడింగుకి అసలే లేదు."

చీమల్ని ఊది, పాకం చుక్క వేసి, ప్రోబ్ ఆనించాడు. 35.4. జానెడు పక్కన రంగు గీకి ఆనించాడు. 24.6. సుద్దతో గుండ్రం చుట్టి నంబరు వేసి సంతకం పెట్టాడు. తర్వాత వగ్దీ మెడలోంచి గమాల్ బొమ్మ లాగేసి తన సంచిలో పడేసి, తన మీటర్‌ని అతని మెడలో వేశాడు.

"ఇన్‌స్పెక్టరు వేషం వేసుకున్నవాడివి, పనిచేసేది తగిలించుకో. నాకు సిగ్గుగా ఉంది. పద, ఫోన్ చేద్దాం."

ఫోను చచ్చిపోయింది. తీగ కోసేసి ఉంది.

"వాల్వు!" అన్నాడు బయూమీ.

గోళం కింద ఎర్ర చక్రం ఉంది. చేత్తో తిప్పితే గ్యాస్ ఆగిపోతుంది. ఇద్దరూ దాని దగ్గరకి పరుగెత్తారు. చక్రానికి ఇనుప గొలుసు, గొలుసుకి కొత్త తాళం. పక్కనే ప్రెషర్ గేజి ముల్లు పద్నాలుగు మీదుంది. ఎర్ర గీత పదహారు. కంట్రోల్ రూమ్ అరకిలోమీటరు దూరం. బయూమీవి అరవై ఏళ్ళ మోకాళ్ళు, వగ్దీ సంతకం అక్కడ చెల్లదు. గోడకి అటుపక్కే అతని ఇల్లు. అయిదుగురు ఆడపిల్లలు, ఈ వేళకి బీన్స్ ఒలుస్తూ ఒకరినొకరు తిట్టుకుంటూ ఉంటారు.

"సుత్తి ఉందా?"

"గ్యాస్ యార్డులో సుత్తితో ఇనుముని కొడతావా? ఆ పసుపు పిల్ల పని మనమే చేద్దామా?"

వగ్దీ గొలుసు పట్టుకుని లాగుతుండగా వెనకనుంచి అత్తరు వాసన వచ్చింది. ఆలస్యంగా తెలిసింది అతనికి. అతని మెడలోని మీటర్ ఒక్క లాగుకి షహీరా చేతిలోకి వెళ్ళింది. ప్రోబ్ అతని గొంతుకి చల్లగా ఆనింది.

"కదలకు మేజర్. జెట్టీలో నా పడవ పది నిమిషాల్లో బయల్దేరుతుంది. మీరిద్దరూ చీమల్లా పైకి పాకడం కారులోంచి చూశాను. చూడకపోతే బాగుండేది, మీకు."

"హంజా టీలో కలిపింది నువ్వే."

"వాడు నాతోనే వచ్చి మొరపెట్టుకున్నాడు. 'మదామ్, రేకు లావెక్కింది' అని! బుల్‌బుల్ కదా, మనవాళ్ళేగా అనుకున్నాడు. చక్కెర కూడా నేనే వేశాను, రెండు చెంచాలు." ఆమె నవ్వింది. "నాలుగు గంటల నిద్ర. నీకు మాత్రం నాలుగు గంటలు లేవులే."

బొత్తం నొక్కింది.

మీటర్ కీచుమంది. తెర మీద నాలుగు అడ్డగీతలు వచ్చాయి. షహీరా మళ్ళీ నొక్కింది. మళ్ళీ గీతలే.

"పొడి ప్రోబ్," అన్నాడు వగ్దీ. "మధ్యలో గాలి ఉంటది." ఆమె మణికట్టు ఒడిసి పట్టుకున్నాడు. ఆమె మోచేత్తో అతని ముక్కు మీద పొడిచింది. రక్తం వచ్చినా వగ్దీ వదల్లేదు. సన్నటి మనిషైనా పిల్లిలా గిలగిల్లాడుతోంది.

ఈలోగా బయూమీ తాపీగా సంచిలో చెయ్యి పెట్టి రెండో మీటర్ తీశాడు. ప్రోబ్‌ని పసుపు సూటు భుజానికి ఆనించాడు. తెర చూశాడు. 25.0.

"నొక్కొద్దన్నావు. ఇప్పుడు నొక్కొచ్చా?"

"నొక్కు బాబాయ్!"

నొక్కాడు. షహీరా నోరు తెరిచింది, అతన్ని ఏదో అనబోయింది.

"అంకుల్ అని మాత్రం అనకు," అన్నాడు బయూమీ.

ఆమె ఆ మాట వినకుండానే ఇసుకలోకి జారిపోయింది.

గేజి ముల్లు పదిహేను.

తాళంచెవి ఆమె హ్యాండ్‌బ్యాగులో ఉండాలి. వగ్దీ బాంబులు విప్పినవాడు, సూయజ్ కాలువ ఈదినవాడు. ఆడవాళ్ళ హ్యాండ్‌బ్యాగు మాత్రం ఎప్పుడూ తెరవలేదు. చెయ్యి పెట్టాడు. రెండు లిప్‌స్టిక్‌లు, దువ్వెన, అద్దం, సగం తిన్న నువ్వుల బిళ్ళ, ఊడిన గుండీ, మూడు పాస్‌పోర్టులు, మందుల చీటీ, మళ్ళీ ఇంకో లిప్‌స్టిక్. తాళంచెవి లేదు. పదిహేనున్నర. పైనుంచి టిక్కుమని చిన్న చప్పుడు. తెల్లరంగు పెచ్చు ఒకటి అతని హెల్మెట్ మీద రాలింది.

"లేదు బాబాయ్! ఇందులో లేదు!"

"జరుగు. నీకు కూతుళ్ళు లేరు." బయూమీ బ్యాగులో చూడను కూడా చూడలేదు. లోపలి గుడ్డ అంచు వెంబడి వేలు పోనిచ్చి, మూలన కుట్టు ఊడిన చోట ఆగి, చిరుగులోంచి అడుగుకి జారిన తాళంచెవి పైకి తీశాడు. "అన్ని బ్యాగులూ ఇంతే. మా ఇంటి బీరువా తాళం కోసం నేను వారానికి రెండుసార్లు ఇక్కడే వెతుకుతా."

గొలుసు ఊడింది. ఇద్దరూ చక్రం మీద పడ్డారు. తుప్పు పట్టిన చక్రం కదలనంది. బయూమీ దాన్ని, దాన్ని చేసినవాణ్ణి, స్టోరువాణ్ణి, కైరోవాళ్ళందరినీ కలిపి ఒకే ఊపిరిలో తిట్టాడు. చక్రం కదిలింది. పావు తిరిగింది. సగం. పదిహేను పాయింట్ తొమ్మిది. పైన గుండ్రంగా గీసిన సుద్ద గీత మధ్యలోంచి లప్పం ముద్ద ఊడి, ఇటుకలా వచ్చి వాళ్ళ మధ్య ఇసుకలో దిగబడింది. వెనక పల్చటి ఇనుము పొట్టలా ఉబ్బింది.

చక్రం చివరిదాకా బిగిసింది. పైపుల ఈల ఆగిపోయింది.

ముల్లు ఎర్ర గీత అంచున వణికి, వణికి, ఒక గీత వెనక్కి వచ్చింది.

ఇద్దరూ ఇసుకలో కూలబడ్డారు. గోడకి అటుపక్క నుంచి ఆడపిల్లల గొంతులు వినిపించాయి. ఎవరో ఎవరినో బీన్స్ సరిగా ఒలవలేదని తిడుతున్నారు. బయూమీ కళ్ళు తుడుచుకుని, చెమట అన్నాడు.

* * *

జెట్టీ దగ్గర కాచుకున్న కోబాల్ట్ పడవని మధ్యాహ్నానికి పట్టుకున్నారు. మదామ్ షహీరా మూడింటికి నిద్ర లేచింది, కటకటాల వెనక. పసుపు సూటు మొదటిసారి నలిగింది.

రెండు వారాల తర్వాత వగ్దీ ఒక చెక్కపెట్టె మోసుకుని సూయజ్ వచ్చాడు. అందులో అసలైన జెల్, పన్నెండు సీసాలు. బయూమీ ఒకటి తెరిచి వాసన చూసి, మూత పెట్టి, పెట్టెని బకెట్ కిందకి తోశాడు.

"నల్ల తేనే నయం. మీవాళ్ళు అంకె సంగతి ఏం తేల్చారు?"

వగ్దీ సంచిలోంచి ఒక దొంతర తీసి ఇచ్చాడు. సైఫర్ సెక్షన్ తుది నివేదిక, అత్యంత రహస్యం, నూట పది పేజీలు. క్రీట్ దీవికి మరో మనిషిని పంపాలని ముగింపులో సిఫార్సు చేశారు.

బయూమీ దాన్ని మోకాళ్ళ మీద పెట్టుకుని, అట్ట మీద ఒక పాకం చుక్క వేసి, శ్రద్ధగా ప్రోబ్ ఆనించాడు. తెర వంక చాలాసేపు చూశాడు. తర్వాత చెవి మీది సుద్దముక్క తీసి నివేదిక మీద గుండ్రం చుట్టి, లోపల తన రీడింగు రాసి సంతకం పెట్టాడు.

"లోపల్నుంచి ఏమీ తిరిగి రాలేదు."